తటవర్తి వారి గౌరవార్థం వాయిదా

మా కాలేజీలో ‘తటవర్తి పురుషోత్తమరావు గౌరవ వార్షికోపన్యాస పరంపర’ మొదలై పదేళ్లయింది. ఈ పదేళ్లలో ఒక్క ఉపన్యాసమూ జరగలేదు. అయినా పరంపర ఎక్కడా తెగలేదు. ఈ రెండు ముక్కలూ ఒకదానితో ఒకటి పొసగడం లేదని మీకు అనిపిస్తే మీరు లా చదవలేదని అర్థం.

నేను చదివాను. చదివి ఊరుకోకుండా ధర్మదీప్తి న్యాయ కళాశాలలో ఏళ్ల తరబడి సివిల్ ప్రొసీజర్ చెబుతున్నాను. నా పేరు పేరూరి చయనులు. ఈ పరంపరకు మొదటి నుంచీ కన్వీనర్ని నేనే కాబట్టి దీని ఘనతలో పెద్ద వాటా నాకే రావాలి. మా ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోరు గాని, అసలు సంగతి అదే.

ముందు పురుషోత్తమరావు గారి గురించి చెప్పాలి. ఆయన జిల్లా జడ్జిగా మా ఊళ్లోనే రిటైరయ్యారు. మనిషి మంచివాడు, లంచం ఎరగడు, గొంతు పెంచడు. ఒక్కటే లోపం. వాయిదా ఇచ్చేవారు కాదు. ప్లీడరు గారికి జ్వరం అని మనవి చేస్తే, “జూనియరుకి కూడా వచ్చిందా?” అని అడిగేవారు. ఫైలు ఇంట్లో మర్చిపోయానంటే ఇల్లెంత దూరమో కనుక్కుని, తెచ్చుకునేదాకా బెంచి దిగకుండా కూర్చునేవారు. ఆయన కోర్టులో కేసు వేస్తే తీర్పు వచ్చేస్తుందన్న భయం జిల్లా అంతా పాకింది. ఆయన రిటైరైన రోజున ప్లీడర్లు కళ్లు తుడుచుకున్నారు. అవి ఆనందబాష్పాలని ఆయనకూ తెలుసు.

ఆ ఆనందం పట్టలేకే మా కాలేజీ వాళ్లం ఆయన పేర ఏటా ఒక ఉపన్యాసం పెట్టాలనుకున్నాం. విషయం కూడా అప్పటికప్పుడు నేనే సూచించాను. ‘సత్వర న్యాయం.’ ఆయన అనుమతి కోసం నేనూ, మా ప్రిన్సిపాల్ డాక్టర్ దండు వెంకటపతిరాజు గారూ వాళ్లింటికి వెళ్లాం. రాజు గారు మామూలుగా మాట్లాడలేరు. చాలాకాలం కిందట ఏదో సర్క్యులర్ రాస్తూ ఆ భాషలోకి దిగారు, మళ్లీ పైకి రాలేదు.

“మహాశయా, తమరి న్యాయనిరతిని భావి తరములకు అందజేయవలసిన గురుతర బాధ్యత మా సంస్థ భుజస్కంధములపై ఉన్నది,” అన్నారు రాజు గారు.

“బతికున్నవాడి పేరు మీద ఇవన్నీ ఎందుకండీ,” అన్నారు పురుషోత్తమరావు గారు. మళ్లీ ఆయనే, “సరే, పెడితే పెట్టండి. నాకో కోరికుందండి. బెంచి మీద ఉన్నన్నాళ్లూ కేసు పిలవగానే నాకు వినబడేది ఒకటే మాట, టైం కావాలండీ అని. పిలవగానే ‘రెడీ’ అన్న మనిషిని నేను చూళ్లేదు. మీ మీటింగులో ఎవరో ఒకరు రెడీ అని లేచి మాట్లాడితే ముందు వరసలో కూర్చుని వింటాను. పోయేలోగా ఒక్కసారి వింటే చాలు,” అన్నారు.

“అదెంత పనండీ,” అన్నాను నేను.

మొదటి ఏడు హాలంతా అరటి చెట్లు కట్టాం. పురుషోత్తమరావు గారు చెప్పిన టైముకు పావుగంట ముందే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పక్కన ఆయన కూతురు హైమవతి గారు. హైస్కూల్లో సైన్సు టీచరు, తండ్రిని ఆవిడే చూసుకుంటారు. ఉపన్యాసం ఇవ్వాల్సిన పెద్ద లాయరు గారు రాలేదు. మా అటెండర్ సత్తిబాబు వేదిక పక్కకు వచ్చి, అక్కడి దాకా రహస్యంగా నడిచి, అందరికీ వినబడేట్టు చెప్పాడు.

“లాయరు గారు ఫోన్ సేసేరండి. వొదినగారి చెల్లెలి పెళ్లంటండి. కుదరదంటండి.”

రాజు గారు మైకు దగ్గరకు వెళ్లి, “అనివార్య కారణములచే నేటి ఉపన్యాసము వాయిదా వేయడమైనదని తెలియజేయుటకు చింతించుచున్నాను. అల్పాహారము మాత్రము యథాతథముగా ఉండును,” అన్నారు. చప్పట్లు గట్టిగానే పడ్డాయి. పెసరట్టు ఉప్మా బాగుంది. పురుషోత్తమరావు గారు గడియారం చూసుకుని లేచారు. “మళ్లీ ఎప్పుడండీ?” అని నన్ను అడిగారు. నేను తేదీ చెబుతానన్నాను.

ఆ తేదీ వెతుకుతుండగానే ఏడాది తిరిగింది. అప్పుడు ఒక చిక్కు వచ్చిపడింది. ఈసారి జరపబోయేది మొదటి వార్షికోపన్యాసమా, రెండవదా? మొదటిదంటే ఒక సంవత్సరం మాయమైనట్టు. రెండవదంటే మొదటిది ఎక్కడని అడుగుతారు. రాజు గారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నేనుగా వెళ్లి ధైర్యం చెప్పాను.

“వాయిదా పడ్డ కేసుకి నంబరు పోదు కదండీ. మొదటిది పెండింగులో ఉందండి. ఇది రెండోది. రెండూ ఫైలు మీద ఉంటాయి.”

రాజు గారు లేచి నన్ను కావలించుకున్నారు. ఒక లెక్చరర్ని ప్రిన్సిపాల్ కావలించుకోవడం మా కాలేజీ చరిత్రలో అదే మొదటిసారి. ఆ సుఖంలో నేను ఇంకో అడుగు ముందుకేసి, మొదటిది తేలకుండా రెండోది వినడం సీనియారిటీకి భంగమని కూడా సలహా ఇచ్చాను. ఇవ్వకపోతే బాగుండేది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు మమ్మల్ని నడిపించింది ఆ సలహాయే.

రెండో ఏడు వక్తకు విమానం దొరకలేదు. మూడో ఏడు దొరికిందట గాని వేరే ఊరికి. నాలుగో ఏటికి ఎవరూ కారణం అడగడం మానేశారు. పైగా వాయిదా వేయడంలో మాకు ఒక పద్ధతి కుదిరింది. ముందు దీపం వెలిగిస్తాం. తర్వాత సత్తిబాబు ఎర్ర పటకా కట్టుకుని వరండాలోకి వెళ్లి, కోర్టు బంట్రోతు పిలిచినట్టు వక్త పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఎవరూ పలకరు. రాజు గారు వాయిదా ప్రకటిస్తారు. పురుషోత్తమరావు గారికి శాలువా కప్పుతాం. తర్వాత పెసరట్టు. విద్యార్థులు దీన్ని ఎంత శ్రద్ధగా చూసేవారంటే, కోర్టుల్లో ప్రాక్టీసు పెట్టిన మా పాత విద్యార్థులు వాయిదా అడగడంలో ఎవరికీ తీసిపోరని జిల్లాలో పేరొచ్చింది.

ఒక్క నా వంతే మిగిలిపోయేది. కార్యక్రమంలో చివరి అంశం వందన సమర్పణ, అది నాది. వక్త మాట్లాడితే కదా వందనం. మొదటి ఏడు ఎంతో ముచ్చటపడి రాసుకున్న కాగితం ఏటా జేబులో పెట్టుకుని వెళ్లడం, అలాగే తిరిగి రావడం. ఒకసారి చొక్కాతో పాటు ఉతుక్కుంది కూడా. మళ్లీ రాసుకున్నాను.

పై నుంచి తనిఖీ బృందం వచ్చినప్పుడు మాత్రం కాస్త భయపడ్డాం. అందులో ఒకాయన, “ఈ ఉపన్యాసాల పాఠాలు ఏవి?” అని అడిగాడు.

“అవి అన్నియు విచారణలో ఉన్నవి,” అన్నారు రాజు గారు తొణక్కుండా. “తీర్పు రాకముందు వ్యాఖ్యానించుట సముచితము కాదు.”

ఆయన లేచి నిలబడి క్షమాపణ చెప్పాడు. బృందం తన నివేదికలో ‘గౌరవోపన్యాస పరంపర నిరంతరాయంగా సాగుచున్నది’ అని రాసింది. మా గ్రేడు పెరిగింది. ఈ మాట బయటికి పొక్కడంతో వక్తల తాకిడి మొదలైంది. పేరు కార్డు మీద పడుతుంది, శాలువా ఇంటికి వస్తుంది, ముక్క తయారుచేసుకోనక్కర్లేదు, రానే అక్కర్లేదు. ఇంతకంటే గౌరవం ఏ కాలేజీ ఇస్తుంది? రెండేళ్ల ముందు నుంచే సిఫార్సులు వచ్చేవి.

అయిదో ఏడు మాత్రం పెద్ద ప్రమాదం జరిగింది. వక్త వచ్చేసింది.

విశాఖ నుంచి కరుణ గారని ఒక ప్రొఫెసరమ్మ. మా పద్ధతి తెలియదు పాపం. పొద్దున్నే బస్సు దిగి, నేరుగా హాల్లోకి వచ్చి, సంచిలోంచి కాగితాలు తీసి సర్దుకుని కూర్చుంది. సత్తిబాబు వరండాలో మొదటి పిలుపు పిలిచాడో లేదో, లోపల నుంచి “ఉన్నానండీ” అని వినబడింది. సత్తిబాబు అలా పటకా పట్టుకుని నిలబడిపోయాడు. ముందు వరసలో పురుషోత్తమరావు గారు ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు.

రాజు గారు నన్ను వేదిక వెనక్కి లాక్కెళ్లారు. “ఇది పరంపరపై జరిగిన దాడి చయనులు గారూ. తక్షణ నివారణోపాయము సెలవియ్యండి.”

నేను సెలవిచ్చాను. కరుణ గారి దగ్గరకు వెళ్లి వినయంగా చెప్పాను. “అమ్మా, మీకంటే ముందు నాలుగు ఉపన్యాసాలు పెండింగులో ఉన్నాయండి. మీది అయిదోది. వరసలో మీ వంతు రావాలంటే ముందు అవి తేలాలండి.”

“మరి వాళ్లెవరూ రాలేదు కదండీ? నేను వచ్చాను కదా?” అందావిడ.

“వచ్చినంత మాత్రాన వరస తప్పదండి.”

ఆవిడకు శాలువా కప్పి, కాజాల పెట్టె ఇచ్చి బస్సెక్కించాం. పురుషోత్తమరావు గారు మెల్లగా నా దగ్గరకు వచ్చారు. “ఆవిడ రెడీగానే ఉన్నారు కదండీ, చయనులు గారూ?” అన్నారు. సీనియారిటీ గురించి వివరించాను. ఆయన పూర్తిగా విన్నారు. కోర్టులో కూడా ఆయన అంతే, చెత్త వాదనైనా పూర్తిగా వినేవారు. విని, “నేను బెంచి మీద ఉండగా మీరు ప్రాక్టీసు పెట్టకపోవడం నా అదృష్టమండి,” అన్నారు. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను. ఇంటికెళ్లి మా ఆవిడతో చెబితే ఆవిడ తీసుకోలేదు.

ఇలా పదో ఏడు వచ్చింది. పురుషోత్తమరావు గారు బాగా పెద్దవారైపోయారు. చేతికర్ర పట్టుకుని, పావుగంట ముందే వస్తారన్న మాటే గాని, ఆ మెట్లు ఎక్కడానికే పావుగంట పట్టేది. ఒకనాడు హైమవతి గారు స్టాఫ్ రూముకి వచ్చారు. ఆవిడ ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు.

“చయనులు గారూ, నాన్నగారు ఇప్పటికి తొమ్మిదిసార్లు ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చారండి. వాడిన శాలువాలాగా ఆయన్ని ఇంటికి తీసుకెళ్తున్నాను. ఈ ఏడైనా ఎవరైనా మాట్లాడతారా అండి?”

నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నేను కమిటీ వేస్తాను. ఆ సాయంత్రమే సమావేశం పెట్టించి రెండు తీర్మానాలు చేయించాను. ఒకటి, ఈ ఏడు ఉపన్యాసం జరిగి తీరాలి, జడ్జి గారి సిద్ధాంతానికి గౌరవ సూచకంగా ఎవరికీ, ఏ కారణం మీదా, వాయిదా ఇవ్వరాదు. రెండు, విషయం ఒక్కటే కాబట్టి, కోర్టులో ఒకే రకం కేసులు కలిపి వినే పద్ధతిలో, పెండింగు తొమ్మిదీ, ఇదీ కలిపి పదింటికీ ఒకే ఉమ్మడి ఉపన్యాసం. సీనియారిటీ సమస్య అలా తీరిపోయింది. ఇన్నేళ్లూ ఈ ఉపాయం ఎందుకు తట్టలేదని ఎవరూ నన్ను అడగలేదు. పదింటికి తగ్గ మనిషి కావాలని, పెద్ద కోర్టులో పనిచేసిన ఒక పెద్దాయన్ను ఒప్పించాం. ఆయన పి.ఎ. ‘తప్పకుండా’ అన్నాడు.

మీటింగు ఇక దగ్గర పడిందనగా పురుషోత్తమరావు గారు స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. హైమవతి గారు ఆస్పత్రి నుంచే వచ్చి, నాన్నగారు అడగమన్నారని ఒక మాట చెప్పారు.

“ఒక్క వారం ఆగగలరేమో అడగమన్నారండి. వారమైతే చక్రాల కుర్చీలో కూర్చోనిస్తామన్నారు డాక్టరు గారు. ఆయన నోటంట ఇలాంటి మాట రావడం నేనెప్పుడూ వినలేదండి. ఎంత మొహమాటపడ్డారో.”

కమిటీ కూర్చుంది. అందరికీ జాలేసింది. కాని తీర్మానం తీర్మానమే. రాజు గారు గంభీరంగా, “ఏ మహనీయుని సిద్ధాంతమునకు గౌరవముగా వాయిదా నిషేధించితిమో, ఆ మహనీయునికే వాయిదా మంజూరు చేసినచో ఆ సిద్ధాంతమునకు తీరని అపచారము జరుగును,” అన్నారు. ఎవరూ కాదనలేకపోయారు. ఆర్డరు రాసే పని నాకు పడింది.

నిజం చెప్పాలంటే నాకు ఆ పని ఇష్టంగానే ఉంది. రెండు పేజీల ఆర్డరు, నా జీవితంలో అంత మంచి డ్రాఫ్టు రాయలేదు. చివర్లో పురుషోత్తమరావు గారి పాత ఉత్తర్వులోంచే ఒక వాక్యం ఎత్తి పెట్టాను. ఏటా క్లాసులో చెప్పే వాక్యం అది, పిల్లలు నోట్సులో రాసుకుంటారు. ‘కక్షిదారు కాలు విరిగిందని కేసు కుంటనక్కర్లేదు.’ ఇంతకంటే అతికినట్టు ఏముంటుంది? ఆర్డరు క్లాసులో చూపించడానికి రెండు జిరాక్సులు కూడా తీయించుకుని, అసలుది పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను.

పురుషోత్తమరావు గారు మంచం మీద పడుకుని ఉన్నారు. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచీ చివరిదాకా చదివారు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయారు.

“ఇది నాదే కదూ?”

“మీదేనండి. ఒక్క అక్షరం మార్చలేదండి.”

“అతను కొబ్బరికాయలు దింపేవాడండి,” అన్నారు ఆయన కళ్లజోడు తీసి. “చెట్టు మీంచి పడ్డాడు. నెల రోజులు టైం అడిగాడు ప్లీడరు. ఇవ్వలేదు. వాక్యం బాగా కుదిరిందని ఆ సాయంత్రం మా ఆవిడకి చదివి వినిపించాను కూడా. ఆవిడ ఏమీ అనలేదు. ఎందుకనలేదో ఇప్పుడు తెలుస్తోందండి. ఈ పక్క నుంచి వింటే వేరేగా ఉంది.”

ఆయన కాగితం మడిచి నాకిచ్చేస్తూ, “అప్పీలుందా అండీ?” అన్నారు.

“ఉందండి. అప్పీలు కమిటీకీ కన్వీనర్ని నేనేనండి. కోరం లేక వాయిదా పడిందండి.”

ఆయన నవ్వారు. నవ్వితే నొప్పి చేసింది గాబోలు, తుంటి పట్టుకున్నారు. “వస్తాను లెండి,” అన్నారు.

వచ్చారు. డాక్టరు వద్దన్నా, హైమవతి గారు ఏడ్చినా, అంబులెన్సు మాట్లాడించుకుని స్ట్రెచర్ మీద వచ్చారు. సత్తిబాబూ, ఇంకో ముగ్గురూ కలిసి మెట్ల మీంచి ఎత్తుకొచ్చి ముందు వరస పక్కన దించారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. తల కింద రెండు దిళ్లు పెడితే వేదిక కనబడింది. చెప్పిన టైముకు ఇంకా పావుగంట ఉంది.

దీపం వెలిగించాం. ఆనవాయితీ కొద్దీ సత్తిబాబు పటకా కట్టుకుని వరండాలోకి వెళుతుంటే రాజు గారు, “నేడు అవసరము లేదు,” అని ఆపారు. అంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. పెద్దాయన పి.ఎ. రాజు గారు వింటూ వింటూనే లేచి నిలబడ్డారు. “అయ్యో, దానికేమున్నదండీ. తప్పకుండానండీ. వారి సౌకర్యమే మాకు శిరోధార్యము,” అన్నారు. పెద్దాయన బయల్దేరుతుండగా ఎవరో పాత స్నేహితుడు భోజనానికి పట్టుపట్టాడట. వచ్చే నెల చూద్దామన్నారట.

“వాయిదా ఇవ్వకూడదని తీర్మానం ఉంది కదండీ,” అన్నాను నేను రాజు గారి చెవిలో.

“అది కోరువారికి వర్తించును. వారు కోరలేదు, తెలియజేసినారు,” అన్నారు ఆయన. ఆ తేడా నాకు తట్టనందుకు ఆ క్షణంలో కూడా నాకు అసూయ కలిగింది. చూడండి ఎలాంటివాణ్ణో.

రాజు గారు మైకు అందుకున్నారు. “అనివార్య కారణములచే...”

“ఒక్క నిమిషమండీ,” అని వినబడింది కింద నుంచి. గొంతు పెద్దది కాదు. కాని అది ముప్పై ఏళ్లు కోర్టును నిశ్శబ్దం చేసిన గొంతు. హాలంతా ఆగిపోయింది. టిఫిను బల్లల దగ్గర పళ్లేల చప్పుడు కూడా ఆగింది.

“వక్త రాలేదు. సరే. కన్వీనరు ఎవరండీ?”

“నేనేనండి,” అని లేచాను.

“ఈ విషయం ఎవరు పెట్టారు?”

“నేనేనండి.”

“పదేళ్లయింది కదా పెట్టి. సివిల్ ప్రొసీజర్ చెప్పేది కూడా మీరే. వాయిదాల మీద పాఠం ఉంటుంది కదా అందులో?”

“ఉందండి. ఒక పక్షానికి మూడుకి మించి ఇవ్వకూడదండి.”

“అయితే మాట్లాడండి. పది నిమిషాలు చాలు. నేను వింటాను.”

మైకు దాకా వెళ్లాను. ఇన్నేళ్లు క్లాసు చెప్పినవాణ్ణి, పది నిమిషాలు ఒక లెక్కా? నోరు తెరిచాను. ఏమీ రాలేదు. సత్వర న్యాయం గురించి నాకు ఒక్క సొంత వాక్యం లేదు. జేబులో చెయ్యి పెడితే వందన సమర్పణ తగిలింది. ఎవరికి, దేనికి? ఎదురుగా దిళ్ల మీద తల ఎత్తి పట్టుకుని ఆయన నా నోటి వంకే చూస్తున్నారు. హైమవతి గారు కూడా. నా నోట్లోంచి, నేను ఆపేలోపల, ఒక మాట వచ్చేసింది.

“ఒక్క వారం టైం ఇప్పించండి.”

అన్నాక నాకే వినబడింది. ఆయన అడిగిందీ అదే, వారం. కాదని రెండు పేజీలు రాసిందీ నేనే, జిరాక్సులు ఇంకా నా సంచిలోనే ఉన్నాయి. హైమవతి గారు తల దించుకున్నారు. నేను మైకు కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. భూమి చీలితే దూరుదామనుకున్నాను గాని మా హాలుకు మొజాయిక్ వేయించారు.

పురుషోత్తమరావు గారు చాలాసేపు నన్ను చూశారు. కోపంగా కాదు. ఎవరో గుర్తొచ్చినట్టు చూశారు. ఆ కొబ్బరికాయల మనిషే గుర్తొచ్చాడేమో.

“ఇచ్చాను,” అన్నారు.

మొదట చప్పట్లు కొట్టింది రాజు గారు. తర్వాత హాలంతా కొట్టింది. రాజు గారు మైకు లాక్కుని, “జీవితమున తొలిసారిగా వారు మంజూరు చేసిన వాయిదా మన సంస్థకు దక్కుట మన పూర్వజన్మ సుకృతము. ఇది మనకు శాశ్వత ప్రమాణము,” అని ప్రకటించారు. ‘ఇచ్చాను’ అన్న మాట ఇప్పుడు మా హాలు గుమ్మం మీద ఇత్తడి అక్షరాల్లో ఉంది. పరంపర మరో పదేళ్లకు నిశ్చింత. ఆ రోజు పెసరట్టు నేను తినలేదు. కాఫీ మాత్రం తాగాను.

ఆ వారం నేను నిద్ర సరిగ్గా పోలేదు. ఇరవై పేజీలు రాశాను. సరిగ్గా వారం తిరిగిన ఆదివారం ఉదయం వాళ్లింటికి వెళ్లాను. మెట్లెక్కుతుంటే కొద్దిగా జ్వరం వచ్చినట్టు అనిపించింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసుకున్నాను. జ్వరం లేదు.

ఆయన మంచం మీద దిళ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. హైమవతి గారు నాకు కుర్చీ వేసి, తను గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్నారు. నేను నిలబడే మొదలుపెట్టాను.

“సభకు నమస్కారం.”

“సభ లేదండీ. విషయానికి రండి.”

“ముందుగా ఈ అవకాశం కల్పించిన...”

“ముందుగా వద్దు. తర్వాత?”

తర్వాత పేజీలో రోమన్ చట్టం ఉంది. అది తనకు తెలుసన్నారు. ఆ తర్వాత కమిషన్ల నివేదికలు ఉన్నాయి. అవి కమిషన్లకూ తెలుసన్నారు. ఇలా పేజీలు తిరిగి తిరిగి చివరి పేజీ చేతిలో మిగిలింది. అందులో పైన నాలుగు వాక్యాలు పుస్తకాల్లోవి కావు, నేను రాసుకున్నవి. వాటిని చదివాను. ఒక పెద్దమనిషి పదేళ్లుగా పావుగంట ముందే వచ్చి కూర్చునేవాడని, మేం ఆయనకు శాలువాలు కప్పామని, ఆయన అడిగింది శాలువా కాదని, ఆ సంగతి మొదటి నుంచీ మాకు తెలుసని.

అక్కడితో ఆగాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రపోయారేమోనని హైమవతి గారి వంక చూశాను.

“వింటున్నాను. కానివ్వండి,” అన్నారు ఆయన కళ్లు తెరవకుండా.

“అయిపోయిందండి.”

“ఇది బాగుంది.” కళ్లు తెరిచారు. ముఖంలో ఒక రకమైన తృప్తి కనబడింది. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. ఉండబట్టలేక జేబులోంచి వందన సమర్పణ తీశాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“అది ఆఖర్న కదండీ? మీ కలిపి వినే పద్ధతికి నేను ఒప్పుకోను. దేనికది విడిగా వినాలి. ఇది మొదటిది. ఇంకా తొమ్మిది పెండింగున్నాయి. రెండోది వచ్చే ఆదివారం పెట్టుకుందాం.”

వచ్చే ఆదివారం మా తోడల్లుడి ఇంట్లో గృహప్రవేశం. మా ఆవిడ చీర కూడా కొనేసింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. హైమవతి గారు ఇచ్చిన కాఫీ గ్లాసు చేతిలో ఉంది. ఒక గుక్క తాగి, కాఫీతో పాటు దాన్నీ మింగేశాను.

“ఏమంటారు, చయనులు గారూ?” అన్నారు పురుషోత్తమరావు గారు, నా నోటి వంకే చూస్తూ.

“రెడీ అండి,” అన్నాను.